“ఇంట్లో చెప్పబాకండి మేడం”

తిరుపతికి దగ్గర్లోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పే టీచరు ఒకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. పాపను గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని నేనే మార్చాను.

పోయిన నెల ఒక మధ్యాహ్నం, బడిలో అన్నం వండే షెడ్డు వెనక, తొమ్మిదో తరగతి అమ్మాయి ఈమె చెయ్యి పట్టుకొని ఆపింది. చున్నీ కింద దాచి తెచ్చిన ఫోను తీసి చూపించింది. ఫోను వాళ్ళమ్మది. అద్దం మూలన పగిలితే టేపు అంటించి ఉంది. ఆమె రేణిగుంట దగ్గర ఫోన్లు బిగించే కంపెనీలో పని చేస్తుంది, రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకొని ఉంటే పాప దాన్ని బడికి తెచ్చేసింది. ఇన్‌స్టాగ్రామ్‌లో పాప పేరుతోనే ఒక అకౌంటు ఉంది. ఫోటో మే నెలలో గంగజాతరకు లంగా ఓణీ వేసుకున్నప్పటిది, వాళ్ళమ్మే వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుంది. కానీ ఆ అకౌంటు పాపది కాదు. దాన్లోంచి క్లాసులోని మగపిల్లలకు నోటితో చెప్పలేని మాటలు పోతున్నాయి. కొందరు ఈ పాపను చూసి నవ్వుతున్నారు, బెంచీ మీద ఏదో రాస్తున్నారు. “ఇంట్లో చెప్పబాకండి మేడం. మా నాయనకు తెలిస్తే బడి మాన్పించేస్తాడు. పలమనేరులో మా మామ ఉండాడు, ఆయనకిచ్చి చేసేస్తారు” అని ఏడ్చింది. ఎవరికీ చెప్పనని టీచరు మాటిచ్చారు.

పేరెత్తకుండా ప్రధానోపాధ్యాయుడితో “పిల్లలకు ఆన్‌లైన్ జాగ్రత్తల మీద క్లాసు పెడదాం సార్” అంటే, “ఫోన్ల గొడవ మనకెందుకమ్మా, బడి పేరు పోతుంది” అన్నారట. స్టాఫ్ రూములో ఇంకొకరు, తెలియనివి మనమే నేర్పినట్టవుతుందన్నారట. తల్లిదండ్రుల మీటింగులో ఒక తండ్రి లేచి “ఫోను పగలగొడితే సరిపాయె” అంటే అందరూ చప్పట్లు కొట్టారట. ఉత్తరం చివర ఈమె ఇంకో సంగతి రాశారు. ఏప్రిల్‌లో బంధువుల కోసం కొండమీద గదులు వెతుకుతూ నకిలీ సైటు నమ్మి 6,800 రూపాయలు పోగొట్టుకున్నారు. ఈ రోజుకీ భర్తకు చెప్పలేదు. “నేనే మోసపోయినదాన్ని, పిల్లలకు ఏ మొహంతో చెప్పను? పాపకిచ్చిన మాట నిలబెట్టుకోవాలా, తప్పాలా?” అని అడిగారు.

టీచర్ గారూ,

ముందు ఆ మధ్యాహ్నం గురించి. బడిలో అంతమంది పెద్దవాళ్ళుండగా ఆ పాప మీ దగ్గరికే వచ్చింది. మీరు ఫోను లాక్కోలేదు, “బడికి ఫోనెందుకు తెచ్చావ్” అనలేదు, కూర్చుని విన్నారు. “నాకు ఇన్‌స్టాగ్రామ్ వాడడం కూడా సరిగ్గా రాదు” అని రాశారు కదా. అది వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ షెడ్డు వెనక అవసరమైంది మీరు చేసిన పనే.

మీ ఉత్తరంలో మూడు విషయాలు ఒకదానికొకటి చుట్టుకొని ఉన్నాయి. పాప సంగతి, క్లాసు సంగతి, మీ 6,800 సంగతి. మొదటిది ఆగదు కాబట్టి దాంతోనే మొదలుపెడతాను. మిగతా రెండూ దాని వెనకే వస్తాయి.

“ఎవరికీ చెప్పను” అన్న మాట ఉన్నదున్నట్టు నిలబెట్టుకోవడం కుదరదు. అలాగని పాపకు తెలియకుండా వెళ్ళి ఎవరికో చెప్పేస్తే ఆమె ఇంకెప్పుడూ ఏ పెద్దవాళ్ళ దగ్గరికీ రాదు. మళ్ళీ పిలిచి కూర్చోబెట్టి, ఆ మాటను మార్చి ఇవ్వండి. “ఎవరికీ చెప్పనన్నాను, అది నేను తొందరపడి అన్న మాట. ఇప్పుడు ఇంకో మాటిస్తాను. నీకు ముందు చెప్పకుండా ఎవరికీ చెప్పను. ఎవరికి చెప్పాలో ఇద్దరం కలిసి చూద్దాం. చెప్పేటప్పుడు నీ పక్కనే ఉంటాను.” పిల్లలు దీన్ని అర్థం చేసుకుంటారు. పెద్దవాళ్ళు తమ మాటను తామే సరిదిద్దుకోవడం వాళ్ళు ఎక్కువగా చూసి ఉండరు కాబట్టి ఇంకా బాగా నమ్ముతారు.

ఆ రోజే చేయాల్సిన పని ఒకటుంది. ఆ అకౌంటు పేజీ, దాని యూజర్ నేము, అందులోంచి వచ్చిన మెసేజ్‌లు తేదీ, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టాలి. ఆ తర్వాతే రిపోర్టు కొట్టాలి. చాలామంది కంగారులో ముందే రిపోర్టు కొడతారు, అకౌంటు మాయమవుతుంది, రేపు ఎవరికైనా చూపించాలంటే చేతిలో ఏమీ ఉండదు. అకౌంటు పేజీలో పైన మూడు చుక్కలు నొక్కితే రిపోర్టు వస్తుంది, అందులో వేరొకరిలా నటిస్తున్నారనేది ఎంచుకోవాలి. ఎవరు రిపోర్టు చేశారో అవతలివాళ్ళకు చెప్పరు. ఇలాంటి ఫిర్యాదును ఎవరి పేరు వాడారో వాళ్ళో, వాళ్ళ తరఫున తల్లిదండ్రులో ఇస్తేనే పట్టించుకుంటారు. తల్లిని కలుపుకోవాలనడానికి ఇదీ ఒక కారణం. 2021 ఐటీ నిబంధనలు ఒకరి పేరుతో నటించే అకౌంట్లు, మార్ఫింగ్ బొమ్మల మీద ఫిర్యాదు వస్తే గంటల వ్యవధిలోనే చర్య తీసుకోవాలని సోషల్ మీడియా కంపెనీలకు గడువు పెట్టాయి. కాబట్టి బతిమాలుకుంటున్నట్టు కాకుండా హక్కుగా అడగండి.

ఇక్కడ ఒక హద్దు స్పష్టంగా చెప్పాలి. మీరు రాసినదాన్ని బట్టి ఇప్పటికి ఉన్నవి మామూలు ఫోటో, చెడ్డ మాటలు. పాప మొహం అతికించిన నగ్నచిత్రం లాంటిది ఒక్కటి కనిపించినా, అది కంప్యూటరుతో తయారుచేసిన బొమ్మే అయినా, ఆ క్షణం నుంచి “చెప్పాలా వద్దా” అనే ప్రశ్నే ఉండదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే అదే నేరం. అలాంటి బొమ్మను మీరు స్క్రీన్‌షాట్ తీయొద్దు, హెచ్చెమ్‌కు వాట్సాప్‌లో పంపొద్దు, సాక్ష్యం కోసమని కూడా మీ ఫోన్లోకి ఎక్కించుకోవద్దు. యూజర్ నేము, లింకు కాగితం మీద రాసుకొని పోలీసులకు ఇవ్వండి. మాటలు కూడా లైంగిక వేధింపు కిందికి వచ్చేలా ఉన్నాయేమో మీరొక్కరే తేల్చుకోవద్దు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి, పాప పేరు చెప్పకుండానే విషయం వివరించి అడగొచ్చు.

ఆ హద్దు దాటలేదనుకుందాం. అప్పుడు మీ ముందు మూడు దారులున్నాయి.

ఒకటి, చడీచప్పుడు లేకుండా అకౌంటు తీయించేసి ఊరుకోవడం. పాప అడుగుతున్నది ఇదే. రెండు రోజులు ప్రశాంతంగా ఉంటుంది. కానీ చేసినవాడు ఇంకో అకౌంటు తెరవడానికి అయిదు నిమిషాలు చాలు. అప్పటికి పాప మళ్ళీ మీ దగ్గరికి రావడానికి మొహమాటపడుతుంది, “మేడం ఒకసారి చేశారు కదా, ఎన్నిసార్లు అడిగేది” అనుకుంటుంది.

రెండు, నేరుగా పోలీసు ఫిర్యాదు. cybercrime.gov.in అనే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పిల్లల మీద జరిగే వాటికి పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేసే వీలుంది. పోలీసులంటే జీపు ఇంటి ముందు ఆగుతుందన్న భయం మన ఊళ్ళలో సహజం. పోక్సో కేసుల్లో పాప మాట ఆమె ఇంట్లోనో, ఆమె కోరుకున్న చోటో, యూనిఫాం లేకుండా వచ్చి రాసుకోవాలని చట్టమే చెబుతోంది. ఈ దారిలో చేసినవాడు దొరికే అవకాశం ఎక్కువ. కానీ ఇంట్లోవాళ్ళకు విషయం పోలీసుల నోటి నుంచి మొదటిసారి తెలిస్తే, పాప భయపడినట్టే జరగొచ్చు.

మూడోది, ముందు తల్లికి చెప్పడం, ఆ తర్వాత ఫిర్యాదు సంగతి ముగ్గురూ కలిసి తేల్చుకోవడం. నా మనసు దీనివైపే ఉంది. ఎందుకో చెబుతాను. పాప భయమంతా తండ్రి గురించి, మామ గురించి. అమ్మ గురించి ఒక్క ముక్క కూడా అనలేదు, మీ ఉత్తరం రెండుసార్లు చదివి చూశాను. ఆ అమ్మ రాత్రంతా నిలబడి ఫోన్లు బిగించి ఇల్లు నడుపుతోంది. ఆమెకు కూతురి చదువు విలువ తెలియదని మనం ముందే అనుకోకూడదు. ఆమె వారం సెలవు ఏ రోజో పాపను అడగండి. ఆ రోజు సాయంత్రం, తండ్రి ఇంట్లో లేని వేళ, మీరొక్కరే వెళ్ళండి. హెచ్చెమ్‌తోనో ఇంకో ఇద్దరు టీచర్లతోనో వెళితే పంచాయితీలా ఉంటుంది.

మొదటి మాట ఏదనేది ముఖ్యం. “మీ పాప మీద ఒక కంప్లైంట్ ఉంది” అని మొదలుపెడితే ఆ తర్వాత మీరు ఏం చెప్పినా వినపడదు. “మీ పాప చాలా ధైర్యంగా ఒక పని చేసింది, అది చెప్పడానికి వచ్చాను” అనండి. ఎవరో పాప పేరు దొంగిలించారు, పాప ఏమీ చేయలేదు, వెంటనే పెద్దవాళ్ళకు చెప్పింది, ఇదీ వరస. స్టేటస్‌లో ఫోటో పెట్టింది తానేనని తెలిసి ఆమె తల కొట్టుకుంటుంది. అక్కడ ఆపండి. జాతరకు ముస్తాబైన కూతుర్ని చూసి మురిసిపోయి పెట్టుకుంది, అందులో తప్పేముంది? ఈ రోజుల్లో మొహం కనిపించే ఏ ఫోటో అయినా, బడి గ్రూపు ఫోటో అయినా చాలు. స్టేటస్ ఎవరెవరికి కనిపించాలో ఎంచుకునే సెట్టింగు అక్కడే కూర్చుని చూపించండి. అంతటితో ఆ మాట ముగించండి.

పెళ్ళి భయం నిజమైతే దానికి మొహమాటం అక్కర్లేదు. పద్దెనిమిది నిండని ఆడపిల్లకు పెళ్ళి చేయడం 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం నేరం. ఆ ఛాయలు కనిపిస్తే 1098కి గాని, దగ్గర్లోని పోలీసులకు గాని చెప్పండి. తల్లికి కూడా ఈ మాట మెత్తగా చెవిన వేయండి, రేపు ఇంట్లో ఆమె వాడుకోవడానికి ఒక ఆయుధం అవుతుంది.

మగపిల్లల విషయంలో ఒక్క మాట. క్లాసులో ఎవరో చేశారని మీ అనుమానం. అది నిజమే కావచ్చు. అయినా అందర్నీ నిలబెట్టి ఫోన్లు సోదా చేయకండి, పేరు పెట్టి అడగకండి. వేరే ఊరి బంధువు చేసి ఉండొచ్చు, వాళ్ళమ్మ స్టేటస్ చూసే ఎవరైనా కావచ్చు. దొరికినవాడు పద్నాలుగేళ్ళ పిల్లవాడే అయితే వాడి సంగతి చూడడానికి బాలల న్యాయ చట్టం ఉంది. వాడూ మీ విద్యార్థే. నాకు ఎక్కువ బాధనిపించింది ఇంకో సంగతి. ఆ మెసేజ్‌లు అందుకున్నవాళ్ళు అంతమంది ఉన్నారు. అది ఆ పాప భాష కాదని వాళ్ళకు తెలుసు. ఒక్కడంటే ఒక్కడు వచ్చి చెప్పలేదు. మీ క్లాసు అసలు మొదలవ్వాల్సింది అక్కడ.

ఇక క్లాసు. “తెలియనివి నేర్పినట్టవుతుంది” అన్నవాళ్ళకు, “ఫోను పగలగొడితే సరి” అన్న తండ్రికి మీ దగ్గర జవాబు లేదన్నారు. మీది తిరుపతి. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజు పిల్లల్ని మాడవీధుల్లోకి తీసుకెళ్ళేటప్పుడు తల్లులు ఏం చేస్తారు? పిల్ల చేతికి ఫోన్ నంబరు రాసిన పట్టీ కడతారు. “చెయ్యి వదిలిపోతే పరిగెత్తద్దు, ఉన్నచోటే నిలబడు, పోలీసాయన దగ్గరికో సేవకుల దగ్గరికో పోయి మాయమ్మ నంబరు ఇదీ అని చెప్పు” అంటారు. తప్పిపోవడం ఎట్లాగో నేర్పుతున్నారని ఎవరూ అనరు. “తప్పిపోయావంటే చంపేస్తా” అని బెదిరించి గుంపులోకి వదిలేసే తల్లీ ఉండదు. అట్లా బెదిరించిన పిల్ల నిజంగా తప్పిపోతే పోలీసాయనను చూసి కూడా దాక్కుంటుంది. ఫోను విషయంలో మన ఇళ్ళలో జరుగుతున్నది సరిగ్గా అదే. ఆ పాప షెడ్డు వెనక దాక్కుంది. మీటింగులో ఆ తండ్రికి ఈ మాట చెప్పండి, కోపం లేకుండా.

హెచ్చెమ్ గారి భయం వేరు. ఆయనకు బడి పేరు కావాలి, దాన్ని తప్పు పట్టలేం. ఆయన దగ్గరికి “జాగ్రత్తల క్లాసు” అని వెళ్ళకండి. “పిల్లలకు దొంగ వెబ్‌సైట్లు గుర్తుపట్టడం నేర్పుతాను, వాళ్ళు ఇంటికెళ్ళి అమ్మానాన్నలకు నేర్పుతారు” అనండి. డబ్బుల మోసమంటే ఎవరికీ పరువు సమస్య ఉండదు, అందరికీ అవసరమే. అక్కడ తలుపు తెరుచుకుంటే మిగతాది నెమ్మదిగా లోపలికి వస్తుంది. ఆయన అసలే ఒప్పుకోకపోతే మీ సాంఘికశాస్త్రం పీరియడు మీ చేతిలోనే ఉంది. హక్కులు, చట్టాలు, పౌరుడి బాధ్యత అన్నీ మీ పాఠాలే కదా. కాకపోతే అప్పుడు మీరొక్కరే మోయాలి, ఎవరైనా తల్లిదండ్రి అడిగితే వెనక నిలబడే మనిషి ఉండరు. పోలీసులను పిలిచి ఒక పూట అవగాహన సదస్సు పెట్టించడం ఇంకో దారి. పెట్టించండి, మంచిదే. కానీ దాంతో సరిపెట్టుకుంటే పిల్లలు చప్పట్లు కొట్టి, ఇంకొంచెం భయపడి ఇంటికి పోతారు. ప్రతి వారం అరగంట మీరు చెప్పేదే నిలబడుతుంది.

మొదటి పాఠానికి సరుకు మీ దగ్గరే ఉంది. అవును, ఆ 6,800.

మీరు రాసింది బట్టి ఎలా జరిగిందో చూడండి. గూగుల్‌లో గదులు అని కొడితే పైన వచ్చిన మొదటిదాన్ని నొక్కారు. గోపురం బొమ్మ, శంఖుచక్రాలు ఉన్నాయి. వాట్సాప్‌లో ఒకాయన “గోవిందా” అని పలకరించి మాట్లాడాడు. బార్‌కోడు ఉన్న రసీదు పంపాడు. మీ బంధువులు దాన్ని పట్టుకొని కొండమీద కౌంటరు దగ్గర నిలబడితే ఇది మాది కాదన్నారు. ఇందులో ప్రతి మెట్టూ ఒక పాఠం. గూగుల్‌లో పైన వచ్చేది ఒక్కోసారి డబ్బు కట్టి పెట్టుకున్న ప్రకటన. బొమ్మను ఎవరైనా అతికించుకోవచ్చు, చిరునామాను అతికించుకోలేరు. టీటీడీ అసలు సైటు చిరునామా ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అని ముగుస్తుంది. గవ్ డాట్ ఇన్ ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. అందుకే దొంగలు “గవ్” అన్న ముక్కను మధ్యలో ఎక్కడో ఇరికించి, చివర డాట్ కామ్ అనో డాట్ ఆర్గ్ అనో పెడతారు. https:// వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) ముందు చివరన ఏముందో చూడడం పిల్లలకు నేర్పండి. బోర్డు మీద పది చిరునామాలు రాసి, అసలువి ఏవో తేల్చమనండి. ఫోన్లు అక్కర్లేదు, సుద్దముక్క చాలు. మూడువందల రూపాయల దర్శనం టికెట్టు వాట్సాప్‌లో తెలియనివాళ్ళు అమ్ముతామంటే నమ్మొద్దని, డబ్బు రావడానికి యూపీఐ పిన్ను కొట్టాల్సిన పని లేదని, పిన్ను కొడితే డబ్బు పోతుందే గాని రాదని అదే రోజు చెప్పేయొచ్చు.

అక్కడి నుంచి రెండో వారం మనిషి పేరు దొంగిలించే సంగతికి రండి. దొంగ సైటు గోపురం బొమ్మ పెట్టుకున్నట్టే దొంగ అకౌంటు మనిషి బొమ్మ పెట్టుకుంటుంది. పాప ఊసు ఎత్తక్కర్లేదు, పోలికలున్న ఉదాహరణ కూడా వద్దు. “మీ స్నేహితుడి పేరుతో వచ్చిన మెసేజ్ వాడి మాటలా లేకపోతే ఏం చేస్తారు?” అని అడగండి. జవాబులు వాళ్ళనే చెప్పనివ్వండి. అందుకున్నదాన్ని పక్కవాడికి పంపడం కూడా నేరం కావచ్చని, ఎవరి పేరుతో వచ్చిందో ఆ మనిషి దగ్గరికి పోయి “ఇట్లాంటిది తిరుగుతోంది” అని చెప్పడం చాడీలు చెప్పడం కాదని మగపిల్లలకు గట్టిగా చెప్పండి. ఈ పాఠం ఆడపిల్లలకు మాత్రమే పెట్టే పొరపాటు చేయకండి. సెట్టింగుల విషయానికొస్తే మన ఇళ్ళలో ఫోను ఒకటి, వాడేవాళ్ళు నలుగురు, లాకు గీత చిన్నపిల్లకు కూడా తెలుసు. కాబట్టి వాట్సాప్‌కు ఆరంకెల రెండో పిన్ను పెట్టుకోవడం, చిన్నాన్న ఫోన్లో తెరిచిన అకౌంటును మర్చిపోకుండా మూసేయడం, ఎక్కడెక్కడ తెరిచి ఉందో చూసుకోవడం, ఇవి చాలు ఈ ఏడాదికి.

ఇప్పుడు మీరు దాటవేయాలని చూసిన ప్రశ్న. “మోసపోయినదాన్ని, ఏ మొహంతో చెప్పను?” అన్నారు. టీచర్ గారూ, మీరూ ఆ పాపా ఒకే చోట నిలబడి ఉన్నారు. మీరు డిగ్రీలు చదివారు, ఉద్యోగం చేస్తున్నారు, పోయింది మీ జీతం డబ్బు. అయినా మూడు నెలలుగా సొంత ఇంట్లో నోరు విప్పలేకపోయారు. తిడతారని కూడా కాదు, “నీకా మాత్రం తెలియదా” అంటారని. పద్నాలుగేళ్ళ పిల్లకు ఆ భయం ఎన్ని రెట్లు ఉండాలి? ఆమెను అమ్మకు చెప్పమని ఒప్పించబోయేది మీరు. అందుకే ముందు మీ ఆయనకు చెప్పండి. ఆయన ఏమంటారో నాకు తెలియదు. ఒక పూట ముభావంగా ఉండొచ్చు. కానీ ఆ తర్వాత పాప ఎదురుగా కూర్చుని “చెప్పడం కష్టమే, నేనూ మొన్ననే చెప్పాను” అనగలుగుతారు. ఆ మాట ఏ సదస్సులోనూ దొరకదు.

డబ్బు సంగతి కూడా వదిలేయకండి. మోసం జరిగిన వెంటనే 1930కి ఫోన్ చేస్తే డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం ఉంటుంది. ఇన్ని నెలల తర్వాత తిరిగొస్తుందని ఆశ పెట్టను. అయినా పోర్టల్‌లో ఫిర్యాదు వేయండి. ఆ నంబరు, ఆ ఖాతా మీద ఇంకో నలుగురు ఫిర్యాదు చేసి ఉంటే మీది కూడా జత అవుతుంది. మీ క్లాసులో పిల్లల చేత 1930, 1098 రెండు నంబర్లూ నోట్సు వెనక అట్ట మీద రాయించండి.

ఈ వారం వరస ఇలా పెట్టుకోండి. ఇవాళ రాత్రి మీ ఆయన. రేపు పాపతో మాట, స్క్రీన్‌షాట్లు. తల్లికి సెలవు దొరికిన రోజు వాళ్ళిల్లు. హెచ్చెమ్ గారి దగ్గరికి ఆ తర్వాతే వెళ్ళండి, తొందరేం లేదు. ఆ దొంగ రసీదు ఇంకా మీ ఫోన్లో ఉంటే తీసేయకండి. ముందు ఫిర్యాదుకు కావాలి. తర్వాత మీ పేరు, నంబరు కొట్టేసి, జిరాక్సు తీయించి బోర్డు పక్కన అంటించండి. ఇందులో ఏది తప్పో పట్టుకోమని పిల్లల్నే అడగండి.